మొదటి ఐదు సెకండ్లు

మా అపార్ట్‌మెంటుకు వచ్చే కొరియర్ వాళ్ల మీద నాకొక చిన్న ఫిర్యాదు ఉంది. పార్సిల్ అందజేశామని ఫోనుకు మెసేజ్ వస్తుంది. రుజువుగా మా గుమ్మం ఫొటో కూడా పంపిస్తారు. ఫొటోలో గుమ్మం మాదే. తోరణం మాదే. స్టాండు మీద నా చెప్పులు కూడా స్పష్టంగా కనిపిస్తాయి. పార్సిల్ ఒక్కటే కనిపించదు. కిందికి దిగి వాచ్‌మన్‌ను అడిగితే పక్క బ్లాకులో ఇచ్చారేమో చూడమంటాడు. పక్క బ్లాకువాళ్లు ఇంకో ఇంటి పేరు చెబుతారు. మొన్న ఒక కుక్కర్ రబ్బరు కోసం నాలుగు ఇళ్లు తిరిగాను. మూడిళ్లలో టీ తాగాను. రబ్బరు ఇప్పటికీ రాలేదు. కొరియర్ కంపెనీ లెక్కలో మాత్రం అది నాకు అంది పది రోజులైంది.

ఈ సంగతి మా ఆవిడ లక్ష్మికి చెప్పి, "గిట్ల పనిచేస్తే ఎట్ల?" అన్నాను. ఆమె చిక్కుడుకాయలు తుంచుతూ తల ఎత్తకుండానే, "ఇరవై మూడేండ్లు నువ్వు టికెట్లు క్లోజ్ చేసినట్టే చేస్తున్నరు. కొత్తేముంది?" అన్నది.

ఆ మాట మీద రెండు రోజులు ఆలోచించి ఇది రాస్తున్నాను.

నేను హైటెక్ సిటీలో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో పనిచేసి కిందటేడు రిటైరయ్యాను. సాఫ్ట్‌వేర్ రాయలేదు. రాసేవాళ్ల కంప్యూటర్లు మొరాయిస్తే సరిచేసే సపోర్ట్ డెస్క్‌లో కూర్చున్నాను. మా చుట్టాలు నన్ను ఇప్పటికీ సాఫ్ట్‌వేర్ నర్సింహ అనే అంటారు. నేను సరిదిద్దలేదు, మా మామగారు బతికున్నంత కాలం సరిదిద్దడం క్షేమం కూడా కాదు. ప్రమోషన్లు రెండొచ్చాయి. రెండుసార్లూ కుర్చీ మారింది, పని మారలేదు. కాబట్టి వాటి గురించి రాయను. ఈ పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లలకు పనికొచ్చేవి మూడు నాలుగు సంగతులున్నాయి, అవి రాస్తాను.

నల్ల డబ్బా

మా డెస్క్‌లో ఒక్కొక్కరికి ఒక్కొక్క జబ్బు రాసిపెట్టి ఉండేది. ఒకరికి ప్రింటర్లు. ఒకరికి మరిచిపోయిన పాస్‌వర్డులు. నాకు దక్కినవి ప్రెజెంటేషన్లలోనూ డాక్యుమెంట్లలోనూ జనం ఎక్కించే వీడియోలు. ఇది ఎవరూ కోరి ఎంచుకునే శాఖ కాదు. ఒకసారి ఒక డైరెక్టర్ గారి వీడియో నడిపించాను. ఎలా నడిచిందో నాకూ తెలియలేదు. మర్నాటి నుంచి ఆఫీసులో ఎక్కడ వీడియో ఆగినా "నర్సింహను పిలువు" అన్నారు.

వీడియో ఉండాల్సిన చోట నల్ల డబ్బా వస్తుంది. దాని మీద మీడియా దొరకలేదని ఇంగ్లీషులో ఒక వాక్యం. ఇది చూసి ఫోన్ చేసిన ప్రతివాడూ ఒకే మాట చెప్పేవాడు: "ఇప్పటిదాక నా లాప్‌టాప్‌ల మంచిగ ఆడింది అన్నా." ఇన్నేళ్లలో ఈ మాట అబద్ధమని ఒక్కసారి కూడా తేలలేదు. సొంత లాప్‌టాప్‌లో ఎప్పుడూ ఆడుతుంది. ఆగిపోవడానికి దానికి మీటింగు గది కావాలి, గదిలో మనకన్నా పెద్దవాళ్లు కావాలి.

కారణం చాలా మామూలుది. వీడియోను ఫైలు లోపలే పెట్టుకోవచ్చు. లేదా వీడియో ఎక్కడుందో దాని చిరునామా మాత్రం రాసిపెట్టుకోవచ్చు. దీన్ని లింకు అంటారు. స్క్రీన్ మీద రెండూ ఒకేలా కనిపిస్తాయి. లింకు పెట్టిన ఫైలును ఇంకో మెషిన్‌లో తెరిస్తే అది పాపం ఆ చిరునామాకు పోయి తలుపు కొడుతుంది. లోపల ఎవరూ ఉండరు. నల్ల డబ్బా అంటే తాళం వేసిన తలుపు, అంతే.

మా కంపెనీలో ఉద్యోగుల సంక్షేమం చూసే పెద్దాయన ఒకరుండేవారు. ఏటా ఒకసారి అందరినీ ఆడిటోరియంలో కూర్చోబెట్టి మాట్లాడేవారు. ఒక ఏడు ఆయన స్లైడ్లలో వీడియో ఆడలేదు. తెరిచి చూస్తే వీడియో చిరునామా ఒక పెన్‌డ్రైవ్ మీద ఉంది. పెన్‌డ్రైవ్ నిజాంపేటలో వాళ్లింట్లో, కారు తాళాలు వేసే గిన్నెలో ఉంది. డ్రైవర్ వెళ్లి తెచ్చేసరికి గంటన్నర పట్టింది. ఆ గంటన్నరా ఆయన ఆగకుండా మాట్లాడారు. తర్వాత వీడియో వేశాం. ఒకటిన్నర నిమిషం. అందులోనూ ఆయనే మాట్లాడారు.

ఆ రోజు నుంచి నేను అందరికీ చెప్పింది ఇదే. పెన్‌డ్రైవ్ నుంచి నేరుగా వీడియో ఎక్కించకండి. ముందు దాన్ని మెషిన్‌లోకి తెచ్చుకోండి, లింకు కాకుండా లోపలికే ఎక్కించండి, ఆ తర్వాత పక్కవాడి మెషిన్‌లో తెరిచి చూడండి. పక్కవాడితో మాటల్లేకపోతే ముందు అది సరిచేసుకోండి.

బస్సు బోర్డు

ఇంకో రకం వాళ్లుంటారు. తమంతట తాము బాగుచేసుకోబోయి వచ్చినవాళ్లు. ఫోనులో తీసిన వీడియో చాలాసార్లు ఆఫీసు మెషిన్‌కు అర్థం కాని పద్ధతిలో ఉంటుంది. దాన్ని మార్చడానికి వేరే పనిముట్లు ఉన్నాయి. వీళ్లు ఆ జోలికి పోకుండా ఫైలు పేరు చివరున్న అక్షరాలు మార్చేసి, పని అయిపోయిందనుకుంటారు. మియాపూర్ డిపోలో బస్సుకు బోర్డు మారిస్తే రూటు మారుతుంది. ఫైలుకు మారదు. ఈ ఒక్క ముక్క వివరించడానికి నా జీవితంలో ఎంత సమయం పోయిందో చెబితే ఎవరూ నమ్మరు.

మా మేనేజర్ భాస్కర్ గారిది తణుకు వైపు. గొంతు పెంచడం నేనెన్నడూ వినలేదు. తిట్టినా చివర 'అండి' చేర్చి తిట్టేవారు, అందువల్ల తిట్టు అర్థమవడానికి సాయంత్రం దాకా పట్టేది. నేను చేరిన కొత్తలో నన్ను పక్కన కూర్చోబెట్టుకుని ఒక పాఠం చెప్పారు.

"ఏం చెడిందని అడగకండి. వాళ్లకి తెలీదు. చివరగా ఏం మార్చారని అడగండి."

"చెప్తరా సార్?"

"చెప్పరండి. ఏం మార్చలేదంటారు. కానీ అనేటప్పుడు మొహం చూడండి. ఎప్పుడు మార్చారో కూడా తెలిసిపోద్ది."

ఈ వృత్తిలో నాకు దొరికిన పుస్తక జ్ఞానం మొత్తం కన్నా ఈ రెండు ముక్కలు ఎక్కువ పనికొచ్చాయి. ఇప్పటికీ ఇంట్లో టీవీ రాకపోతే ముందు లక్ష్మి మొహం చూస్తాను. ఆమె కూడా నా మొహం చూస్తుంది.

భాస్కర్ గారి రెండో పాఠం మాత్రం నన్ను ముంచింది. "మనం డాక్టర్లం కాదండీ, కాంపౌండర్లం. కట్టు కట్టి పంపేయడం వరకే మనది. నడుస్తాడో లేదో వాళ్లింటికెళ్లాక సంగతి." అప్పుడు నాకు ఇది చాలా తెలివైన మాటలా వినిపించింది. నవ్వాను కూడా.

పదిహేను నిమిషాలు

టికెట్ అంటే తెలియనివాళ్ల కోసం చెబుతాను. ఎవరికైనా కంప్యూటర్‌తో ఇబ్బంది వస్తే మాకు ఫిర్యాదు పంపిస్తారు. దానికొక నంబరు పడుతుంది. అదే టికెట్. వీడియో టికెట్‌ను మేము పదిహేను నిమిషాల్లో ముగించాలి. మా నెత్తిమీద గోడకు ఒక పెద్ద టీవీ ఉండేది, దాంట్లో మా అందరి పేర్లూ పచ్చగా ఉండేవి. పదిహేను నిమిషాలు దాటితే పేరు ఎర్రబడేది. దారిన పోయేవాళ్లందరికీ కనిపించేది. క్యాంటీన్‌లో పప్పు వడ్డించే ఆయన కూడా "ఇయ్యాల ఎర్రగున్నవు సార్" అని పరామర్శించేవాడు.

అందుకని మా డెస్క్‌లో ఒక పద్ధతి పుట్టింది. ఎవరూ నేర్పలేదు, అందరూ పాటించారు. వీడియో సరిచేశాక మొదటి ఐదు సెకండ్లు ఆడించి చూసేవాళ్లం. బొమ్మ వచ్చిందా, శబ్దం వచ్చిందా, అంతే. టికెట్ మూసేవాళ్లం. ఐదు సెకండ్లు ఆడిన వీడియో ఆరో సెకండులో పాడవడం నేనెన్నడూ చూడలేదు. నిజం చెప్పాలంటే ఆరో సెకండే ఎన్నడూ చూడలేదు.

ఇలా తొమ్మిదేళ్ల పాటు నా పేరు ఒక్కసారి కూడా ఎర్రబడలేదు. కొత్తవాళ్లు చేరితే భాస్కర్ గారు ముందు ఆ టీవీని, తర్వాత నన్ను చూపించేవారు.

స్వరూప తెచ్చిన క్లిప్పు

ఎనిమిదేళ్ల కిందటి మాట. స్వరూప అని పటాన్‌చెరు వైపు పిల్ల, మా కంపెనీలో కాంట్రాక్టు మీద రెండేళ్లుగా పనిచేస్తోంది. జీడిమెట్లలో మందులు తయారుచేసే ఒక కంపెనీ కోసం వాళ్ల జట్టు ఒక సాఫ్ట్‌వేర్ రాసింది. గోలీల పట్టీలు మెషిన్ మీద వరసగా పోతుంటే కెమెరా చూస్తుంది. పగుళ్లున్న గోలీ వస్తే దాని చుట్టూ ఎర్ర గీత గీసి పక్కకు తోసేస్తుంది. అది పనిచేస్తుందని ఆ కంపెనీవాళ్లకు చూపించే బాధ్యత స్వరూపది. ఆమె కాంట్రాక్టు ఆ నెలాఖరుకు అయిపోతుంది.

"డెమో మంచిగయితే ఈసారి పర్మనెంట్ లెటర్ ఇస్తమన్నరన్నా," అని చెప్పింది. "కాకపోతే?" అని నేనడగలేదు. అడగాల్సినంత రహస్యమేమీ కాదది.

పొద్దున పదింటికి లాప్‌టాప్ చంకలో పెట్టుకుని మా డెస్క్‌కు వచ్చింది. తన దాంట్లో ఆడుతోంది, జట్టువాళ్ల మెషిన్‌లో తెరిస్తే స్లైడ్ల మధ్య నల్ల డబ్బా. క్లిప్పు ఆమె స్వయంగా జీడిమెట్ల ఫ్యాక్టరీలో తీసినది.

"టోపీ పెట్టి, గౌను తొడిగి, బూట్లకు సంచులు కట్టి గంట నిలబెట్టిన్రన్నా. గంటకే పర్మిషన్. గంటల పగిలిన గోలీ ఒక్కటే ఒక్కటి వచ్చింది."

"ఒక్కటేనా?"

"మంచి కంపెనీ గదన్నా. గోలీలు పగలవు. నా పరేషాన్ అదే."

మీటింగు మధ్యాహ్నం రెండింటికి. బయటి లాప్‌టాపులు, పెన్‌డ్రైవులు ఫ్యాక్టరీ గేటు దాటనివ్వరు. అందువల్ల స్లైడ్ల ఫైలు పదకొండు లోపల వాళ్లకు మెయిల్ చేయాలి, వాళ్లే తమ మెషిన్‌లో ఎక్కించి ఉంచుతారు. నేను చూశాను. లింకు ఉంది. తీసేసి వీడియోను లోపలికి ఎక్కించాను. ఆడింది. కానీ ఫైలు ఎంత బరువైందంటే మెయిల్ దాన్ని తీసుకోనన్నది.

ఇలాంటప్పుడు వాడే ఉపాయం ఒకటి ఆ సాఫ్ట్‌వేర్‌లోనే ఉంటుంది. వీడియోను నొక్కి చిన్నది చేస్తుంది. ఎంత నొక్కాలో మూడు మెట్లుంటాయి. మొదటి మెట్టు వేశాను, చాలలేదు. అప్పటికే టికెట్ తెరిచి పది నిమిషాలైంది. మధ్య మెట్టు దాటేసి నేరుగా ఆఖరి మెట్టు వేశాను. ఫైలు చేతి రుమాలంత అయింది. ఐదు సెకండ్లు ఆడించాను. కంపెనీ పేరు వచ్చింది, స్వరూప గొంతు వచ్చింది. ఆమె అప్పుడు క్యాబ్ కోసం ఫోన్ చూసుకుంటూ అటు తిరిగి ఉంది.

"చివరిదాక చూసినవా అన్నా? అసలు సంగతి లాస్ట్‌లనే ఉంటది."

"అంతా చూసిన తల్లీ."

"జర ఇంకోసారి పెట్టవా, నేను గూడ చూస్త."

"మెయిల్ టైమయితుంది. ఫికర్ చేయకు, పో."

మెయిల్‌కు ఇంకా అరగంటకు పైగా ఉంది. అయిపోతున్నది నా పదిహేను నిమిషాలు. ఆమె ఫైలు పంపించి వెళ్లిపోయింది. నేను టికెట్ మూశాను. పద్నాలుగు నిమిషాలు. పేరు పచ్చగానే ఉంది.

మంచి గోలీ

సాయంత్రం ఐదింటికి తిరిగొచ్చింది. సంచి కింద పెట్టకుండా నా బల్ల ముందు నిలబడి జరిగింది చెప్పింది.

గదిలో ఆరుగురున్నారట. వాళ్ల క్వాలిటీ విభాగం పెద్ద యాదగిరి సార్ మధ్యలో కూర్చున్నాడట. వీడియో ఎక్కడా ఆగకుండా ఆడింది. యాభై ఐదో సెకండు దగ్గర పట్టీ వచ్చింది, ఒక గోలీ చుట్టూ ఎర్ర గీత పడింది.

"ఆపమ్మా," అన్నాడట ఆయన. "జర ఎనుకకు పో. ఆ, గీడ. ఈ గోలీ మంచిగనే ఉంది గదా. దీన్నెందుకు పట్టుకున్నది మీ మెషిన్?"

"సన్నటి పగులుంది సార్."

"యాడుందో చూపెట్టు."

స్వరూప తెర దగ్గరికి వెళ్లి వేలు పెట్టింది. వేలు పెట్టిన చోట తెల్లగా, గుండ్రంగా, ఏ లోపమూ లేని గోలీ ఉంది. వెంట్రుకంత పగులు నేను నొక్కిన నొక్కుడుకు ఎప్పుడో చెరిగిపోయింది. ఎర్ర గీత లావుగా ఉంటుంది కాబట్టి అది మాత్రం మిగిలింది.

"మంచి గోలీలు పారేసే మెషిన్ మాకెందుకమ్మా? ఆ పని చేయనీకి మాకు మనుషులున్నరు," అన్నాడట యాదగిరి సార్. గదిలో నవ్వారట. అసలు వీడియో ఉన్న లాప్‌టాప్ గేటు దగ్గర లాకర్‌లో ఉంది. దాన్ని లోపలికి తేవడానికి అనుమతి తీసుకుని ఆమె వచ్చేసరికి ఆయన ఇంకో మీటింగుకు వెళ్లిపోయాడు.

ఆమె ఎదుటే ఆ ఫైలు తెరిచి నేను మొదటిసారి చివరిదాకా చూశాను. నిమిషం పది సెకండ్లు. చాలా శుభ్రంగా ఆడింది. మంచి గోలీ చుట్టూ ఎర్ర గీత శుభ్రంగా పడింది.

"పొద్దున నువ్వు చూసినప్పుడు పగులు కనబడ్డదా అన్నా?"

"కనబడ్డట్టే ఉండె," అన్నాను.

ఆ ఉద్యోగంలో నేను ఆమెకు చెప్పిన రెండో అబద్ధమది. మొదటిది ఆ పొద్దునే చెప్పాను.

పిల్లలకు ఇక్కడ ఒక మాట చెప్పాలి. ఆడని వీడియో మంచిది. నేను ఆడను అని అందరి ముందూ ఒప్పుకుంటుంది. ఆడుతూ తప్పు చూపించే వీడియో ఏదీ ఒప్పుకోదు. మనం నల్ల డబ్బాను చూసి భయపడతాం, నల్ల డబ్బా పోగానే పని అయిందనుకుంటాం. ఆ రోజు నల్ల డబ్బానే ఉండిపోయి ఉంటే యాదగిరి సార్ "వీడియో రాలేదా, రేపు రామ్మా" అని ఉండేవాడు.

జాబితాలో లేని కారణం

మర్నాడు మంగళవారం. స్వరూప వాళ్ల మేనేజర్ ఆ ఫైలు సంగతేమిటో చెప్పమని మా డెస్క్‌ను అడిగాడు. టికెట్ మూసేటప్పుడు కారణం ఒకటి ఎంచుకోవాలి. జాబితాలో ఏడెనిమిది ఉంటాయి: యూజర్ పొరపాటు, నెట్‌వర్క్, పాత మెషిన్, పాత సాఫ్ట్‌వేర్, అలా. సపోర్ట్ డెస్క్ పొరపాటు అనేది ఆ జాబితాలో లేదు. అలాంటిది జరగొచ్చని జాబితా రాసినవాళ్లకు తోచలేదు. రాసింది సపోర్ట్ డెస్కే. సోమవారం స్వరూప టికెట్ మూసేటప్పుడు కూడా నేను రోజూ ఎంచుకునేదే ఎంచుకున్నాను, యూజర్ పొరపాటు. జాబితాలో అదే మొదట ఉంటుంది.

భాస్కర్ గారు పిలిచారు.

"నర్సింహ గారూ, లింకు పెట్టింది ఆ అమ్మాయే కదండీ?"

"ఆమెనే సార్."

"అంత పెద్ద ఫైలు తెచ్చిందీ ఆ అమ్మాయే కదండీ?"

"ఆమెనే."

"మరి యూజర్ పొరపాటు అనడంలో అబద్ధం ఏముందండీ?"

నిజంగానే ఎక్కడా అబద్ధం లేదు. అంత నికార్సయిన నిజాలతో అంత తప్పు లెక్క వస్తుందని నాకు అప్పటిదాకా తెలియదు.

"క్వాలిటీ తగ్గించింది నేను సార్. చివరిదాక చూడలే."

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "అది రాయడానికి లిస్టులో గడి లేదండీ."

"ఇతర కారణం అని ఒకటుంది గద సార్."

"ఉందండీ. ఇంతవరకూ ఎవరూ వాడలేదు." కళ్లజోడు మళ్లీ పెట్టుకుని, "మీ ఇష్టమండీ. నేను వద్దనను," అన్నారు.

ఆయన వద్దని ఉంటే నాకు సులువుగా ఉండేది. ఇప్పుడు తప్పు ఆయన మీద వేసి రాసేవాణ్ని.

మంగళవారం ఆలోచించాను. బుధవారం కూడా. గోడ మీద తొమ్మిదేళ్ల పచ్చదనం ఉంది. ఆ ఏడు నా పేరు ఏదో అవార్డుకు కూడా పంపారు. అవార్డంటే ఒక అద్దం పలక, ఒక బిరియానీ భోజనం. దాని కోసం ఆగానని రాయడానికి సిగ్గుగా ఉంది, కానీ వేరే కారణమేదీ ఎంత వెతికినా దొరకడం లేదు. గురువారం ప్రింటర్లు చూసే అతను సెలవు పెట్టాడు, ఆ పని చేశాను. శుక్రవారం పొద్దున్నే టికెట్ మళ్లీ తెరిచి 'ఇతర కారణం' నొక్కి మూడు వాక్యాలు రాశాను. వీడియోను అవసరానికి మించి తగ్గించింది నేను. చివరిదాకా చూడకుండా చూశానని చెప్పింది నేను. చూస్తానంటే చూడనివ్వనిది నేను. రాసి, నడుచుకుంటూ స్వరూప వాళ్ల మేనేజర్ దగ్గరికి పోయాను.

ఆయన ఓపిగ్గా చదివాడు. "నిన్ననే కూర్చున్నాం సార్. రిపోర్టులో యూజర్ పొరపాటు అని ఉంది. లెటర్ల లిస్టు పైకి వెళ్లిపోయింది."

"ఇప్పుడు మార్చనీకి రాదా?"

"మీరు చెప్పడం మాత్రం చాలా మంచి పని సార్," అన్నాడు. మార్చడానికి రాదు అనే మాటను ఆఫీసులో ఇలా అంటారు.

నెలాఖరున ఉద్యోగం వదిలిపోయేవాళ్లు లాప్‌టాప్ మా డెస్క్‌లోనే అప్పగించాలి. స్వరూప వచ్చింది. నేనే రసీదు రాశాను. స్థితి అనే గడిలో 'బాగుంది' అని రాశాను. ఛార్జర్ ఉందా అని అడిగాను. ఉందన్నది. ఆ రోజు మా మధ్య నడిచిన మాటలు అంతే.

ఆరో సెకండు

ఆ తర్వాత నేను ప్రతి వీడియో చివరిదాకా చూశాను. వ్రతం పట్టినట్టు చూశాను. అగ్నిప్రమాద సూచనలు, యోగా, పరిసరాల పరిశుభ్రత, పన్నెండు దేశాల ఆఫీసుల నుంచి పన్నెండు పండగల శుభాకాంక్షలు. మా కంపెనీ వార్షికోత్సవ వీడియోలు నేను చూసినన్ని యజమాని కూడా చూసి ఉండడు. నా పేరు ఎర్రబడింది, అలాగే ఉండిపోయింది. అద్దం పలక ప్రింటర్లు చూసే అతనికి వెళ్లింది.

"మీకు ఈ మధ్య సినిమాలు ఎక్కువయ్యాయండీ," అన్నారు భాస్కర్ గారు. అంతకు మించి ఏమీ అనలేదు. ఆ ఏడు జాబితాలో ఒక గడి పెరిగింది: సపోర్ట్ డెస్క్ పొరపాటు. ఎవరు పెట్టించారని నేనడగలేదు, ఆయన చెప్పలేదు. అది ఎనిమిదో వరసలో, కిందికి జరిపితే తప్ప కనబడనంత మర్యాదగా ఉండేది. నేను రిటైరయ్యేలోపు దాన్ని పదకొండుసార్లు వాడాను. అన్నీ నావే.

చివరిదాకా చూడడం వల్ల ఫలితం లేకపోలేదు. ఒక డైరెక్టర్ గారి వీడ్కోలు సభకు వాళ్ల జట్టు కన్నీళ్లతో వీడియో తయారుచేసింది. చివరి నాలుగు సెకండ్లలో, కెమెరా ఆగిందనుకుని ఎవరో "అయిపాయెనా? ఇగ ముసలోడు పోతే పీడ పోతది" అన్న మాట కూడా ఉండిపోయింది. కత్తిరించాను. ఆ గొంతు ఎవరిదో నాకు తెలుసు. సభలో అందరికన్నా ఎక్కువ ఏడ్చింది ఆయనే.

నేను చెప్పదలచుకున్న సాంకేతిక విషయాలు ఇంతే, మిగతావి వెతికితే ఎక్కడైనా దొరుకుతాయి. వీడియోను లోపలికి ఎక్కించండి. బోర్డు మార్చకండి. తగ్గించాల్సి వస్తే ఒక్కో మెట్టే దిగండి, ప్రతి మెట్టు దగ్గరా ఆగి, తెచ్చినవాళ్లకు ముఖ్యమైన చోటు ఏదో అడిగి అక్కడ చూడండి. చూడకపోతే చూడలేదని చెప్పండి. ఈ చివరిదానికి ఏ సాఫ్ట్‌వేరూ అక్కర్లేదు. నాకు పట్టుబడడానికి అన్నిటికన్నా ఎక్కువ కాలం తీసుకున్నది ఇదే.

పోయిన నెల కంటి పరీక్షకు అమీర్‌పేట పోదామని మియాపూర్ మెట్రో స్టేషన్‌లో నిలబడ్డాను. రైలుకు నాలుగు నిమిషాలుందని బోర్డు చూపిస్తోంది. "అన్నా, మంచిగున్నవా?" అని పక్కన గొంతు వినిపించింది. స్వరూప. జుట్టులో ఒకటి రెండు తెల్ల వెంట్రుకలు వచ్చాయి. రాయదుర్గంలో వేరే కంపెనీలో పనిచేస్తున్నానన్నది. మా వాళ్ల దగ్గర కాంట్రాక్టు పోయాక ఏడాదిన్నర ఖాళీగా ఉందట, తర్వాత మళ్లీ మొదటి మెట్టు నుంచి మొదలుపెట్టిందట. ఫిర్యాదులా చెప్పలేదు. అడిగాను కాబట్టి చెప్పింది.

అప్పుడు నేను మొత్తం చెప్పాను. పొద్దున ఐదు సెకండ్లే చూశానని, అంతా చూశానని చెప్పింది అబద్ధమని, సాయంత్రం చెప్పింది కూడా అబద్ధమేనని. గోడ మీది టీవీ గురించి, పదిహేను నిమిషాల గురించి, జాబితాలో గడి లేకపోవడం గురించి చెప్పాను. శుక్రవారం రాసిన మూడు వాక్యాలు అప్పజెప్పాను. ఆనాటి నుంచి ప్రతి వీడియో చివరిదాకా చూశానని, నా పేరు ఎర్రగానే ఉండిపోయిందని కూడా చెప్పాను. ఎనిమిదేళ్లుగా మనసులో వరసగా పేర్చుకున్నది కావడంతో ఎక్కడా తడబడలేదు. ఆమె మధ్యలో ఆపకుండా చివరిదాకా విన్నది.

రైలు వచ్చి ఆగింది. తలుపులు తెరుచుకున్నాయి. ఆమె సంచి భుజానికి సర్దుకుని నా వైపు చూసింది.

"గిదంతా చెప్పనీకి నాలుగు నిమిషాలు పట్టిందన్నా నీకు," అన్నది. "క్లిప్పు నిమిషం పది సెకండ్లే ఉండె."